గిన్నెడు సూపులో సత్తువ ఎంత?

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట, పంజగుట్ట ప్రక్కప్రక్కనే ఉన్న పేటలు. రెండు మెట్రో రైలు మార్గాలు అమీర్‌పేటలో కలుస్తున్నవి. అక్కడి మైత్రీవనం పరిసరాలలో కంప్యూటరు విద్య నేర్పే శిక్షణాలయాలు, వాటి వెనుక సందులలో విద్యార్థుల హాస్టళ్లు క్రిక్కిరిసి ఉన్నవి. తరువాతి స్టేషను పంజగుట్ట. అక్కడ నిజాం వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. అందరూ దానిని నిమ్స్ అంటారు. 1989లో ఈ హోదా రాకముందు అది నిజాం పేర వెలసిన ఎముకల ఆసుపత్రి.

ఈ రెండు పేటలలోను తీరిక లేని మనుషులు ఎక్కువ. ఒక తరగతి ముగించుకొని మరొక తరగతికి పరుగెత్తే విద్యార్థి ఒకడు; మంచముపై ఉన్న రోగికి ఏదైనా బలమైనది పట్టుకొని పోవలెనని వెదకే బంధువు మరొకడు. కూర్చుని విస్తరి నిండా భోజనం చేసే వ్యవధి ఇద్దరికీ లేదు. ఇటువంటి వారిని ఉద్దేశించి వెలసినవే సూపు దుకాణాలు. టమాటా సూపు, మొక్కజొన్న సూపు, మునగాకు సూపు, బొక్కల సూపు, పాయా, మరగ్, రాగి జావ - ఇట్లా రకాలు అనేకం. అన్నింటినీ అమ్మే మాట మాత్రం ఒక్కటే: ‘బలానికి మంచిది.’

ఆ మాటలో నిజం ఎంత? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు 250 సంవత్సరాలుగా శాస్త్రజ్ఞులు దీనిపై వాదించారు, పరీక్షలు జరిపారు, పొరపాట్లు పడ్డారు, వాటిని దిద్దుకొన్నారు. ఆ చరిత్ర తెలిస్తే గిన్నెలో ఉన్నది ఏమిటో, లేనిది ఏమిటో మనమే తేల్చుకొనవచ్చును.

రెస్టారెంటు అనగా సూపే

డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇండ్లు మన దేశంలో పూర్వమే ఉండేవి. ఓరుగల్లులోని పూటకూళ్ల ఇంట ఒక్క రూకకు కడుపునిండా భోజనం దొరికేదని క్రీడాభిరామం వర్ణిస్తున్నది. అందుచేత డబ్బుకు అన్నం దొరకడం పారిస్ నగరంలో పుట్టిన వింత కాదు. అక్కడ పుట్టిన వింత వేరు.

ఫ్రెంచి భాషలో ‘రెస్టారెంటు’ అనే మాటకు మొదటి అర్థం భోజనశాల కాదు. పోయిన సత్తువను తిరిగి తెచ్చునది అని దాని అర్థం. మాంసాన్ని గంటల తరబడి మరిగించి తీసిన రసానికి ఆ పేరు ఉండేది. 1766 ప్రాంతంలో రోజ్ ద శాంత్వాజో అనే వ్యక్తి పారిస్‌లో ఇటువంటి రసాలను అమ్మే గదిని తెరిచాడు. రొమ్ము నీరసించినవారు, రాత్రి భోజనం అరగనివారు అక్కడికి రావచ్చునని ప్రకటన. సత్రాలలో అయితే వేళకు పోయి, పదిమందితో పాటు ఒకే బల్లవద్ద, పెట్టినది తినవలెను. ఇక్కడ ఎవరి బల్ల వారిది, వచ్చినదే వేళ, కోరినదే వడ్డన. బూలాంజే అనే వంటవాడు 1765లో మొదటి రెస్టారెంటు తెరిచినాడని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది గాని, చరిత్రకారులు వెదకిచూడగా దానికి ఆధారం దొరకలేదు.

కాలక్రమాన ఆ గదులలో ఇతర వంటకాలు కూడా వచ్చినవి. సూపు పేరు దుకాణానికి అంటుకొన్నది. తుదకు సూపు వెనుకబడి దుకాణం పేరే నిలిచినది. ఈనాడు అమీర్‌పేటలో నిలబడి ఒక గిన్నె త్రాగిపోయే యువకుడు తెలియకయే రెస్టారెంటు అనే మాటను దాని పుట్టింటికి తీసుకొని పోతున్నాడు.

అయితే ఒక సంగతి గమనించవలెను. ఆ మాట పుట్టుకలోనే ఒక వైద్యపరమైన వాగ్దానం ఇమిడి ఉన్నది. మాంసపు సారమంతా రసంలోకి దిగుతుంది, మిగిలినది పిప్పి, రసం త్రాగినవాడికి మాంసం తిన్న బలం వస్తుంది అని ఆ వాగ్దానం. దీనిని పరీక్షకు పెట్టినది తరువాతి శతాబ్దం.

ఎముకలను మెత్తబరచిన యంత్రం

ఈ కథకు పూర్వరంగం లండనులో జరిగినది. ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పాపిన్ అనే వైద్యుడు 1679లో మూత గట్టిగా బిగించిన ఒక ఇనుప పాత్రను తయారుచేశాడు. నీరు మామూలుగా 100 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద మరుగుతుంది. ఆవిరిని పోనీయక బంధిస్తే ఒత్తిడి పెరుగుతుంది, మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. ఒత్తిడి రెండింతలైనప్పుడు అది సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో గట్టి ఎముకలు కూడా మెత్తబడ్డవి. పాత్ర పగిలిపోకుండా పాపిన్ దానికి రక్షక కవాటం అమర్చాడు. మన వంటయింటి ప్రెషర్ కుక్కరుకు ఇదే మూలపురుషుడు. 1682 ఏప్రిల్ 12న రాయల్ సొసైటీ సభ్యులు కొందరు ఈ పాత్రలో వండిన విందు ఆరగించారు. ఎముకలు జున్నువలె మెత్తగా ఉన్నవని జాన్ ఎవెలిన్ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు.

ఎముకలలోని సారం బయటికి తీయవచ్చునని దీనితో ఋజువయినది. కసాయి దుకాణంలో పారవేసే ఎముకలనుండి బీదవారికి ఆహారం లభిస్తుందనే ఆశ మొలకెత్తినది. పందొమ్మిదవ శతాబ్దం మొదటి పాదంలో పారిస్‌లోని డార్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఎముకలనుండి జెలటిన్ తీసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. జెలటిన్‌లో నత్రజని ఉన్నది. మాంసంలోను నత్రజని ఉన్నది. కాబట్టి రెండూ ఒక్కటే అని తర్కం. ఆసుపత్రులలో రోగులకు, బీదలకు ఈ జెలటిన్ సూపు వడ్డించారు. తర్కం నున్నగా ఉన్నది. సూపు త్రాగినవారు మాత్రం ఆకలి తీరలేదన్నారు.

పది సంవత్సరాల పరీక్ష

వాదన ముదిరి ఫ్రెంచి శాస్త్ర పరిషత్తు ముందుకు వచ్చినది. పరిషత్తు ఒక సంఘాన్ని నియమించింది. దానికి ముఖ్యుడు ఫ్రాన్స్వా మజాండీ. ఈయన 1816లోనే కుక్కలకు పంచదార, నీరు మాత్రమే పెట్టి, నత్రజని లేని ఆహారంతో అవి బ్రతుకజాలవని చూపినవాడు. ఇప్పుడు ప్రశ్న ఇంకొక మెట్టు పైకి పోయినది: నత్రజని ఉన్నంత మాత్రాన చాలునా?

సంఘం సుమారు పది సంవత్సరాలు శ్రమించి 1841లో నివేదిక సమర్పించింది. జెలటిన్ మాత్రమే పెట్టిన కుక్కలు చిక్కి శల్యమైనవి. జెలటిన్ ఒక్కటే ప్రాణిని పోషించలేదు అని తేలినది. దానికి కారణం ఏమిటో ఆనాడు ఎవరికీ తెలియదు.

కారణం మరి 60 ఏండ్లకు గాని బయటపడలేదు. మాంసకృత్తులన్నీ అమినో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కూర్చిన గొలుసులు. వాటిలో కొన్నింటిని శరీరం స్వయంగా తయారుచేసుకొనలేదు, ఆహారంనుండి రావలసినదే. అటువంటి వాటిలో ట్రిప్టోఫాన్ ఒకటి. దానిని 1901లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాప్‌కిన్స్, కోల్ వేరుచేశారు. జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ లేదు. అక్షరమాలలో ఒక అక్షరం లేకుంటే ఆ అక్షరం ఉన్న మాటలు వ్రాయలేము గదా! మిగిలిన అక్షరాలు ఎన్ని బస్తాలు తెచ్చిపోసినా లాభం లేదు. బొక్కల సూపు చల్లారినప్పుడు గడ్డకట్టితే అది మంచి చిక్కదనానికి గురుతు అనుకొంటాము. గడ్డకట్టినది జెలటిన్. అది మాంసకృత్తే, కాని కొరత గల మాంసకృత్తు.

పలుచని సూపు, చిక్కని సూపు

పారిస్‌లో జెలటిన్ వాదన పుట్టకముందే జర్మనీలోని మ్యూనిక్ నగరంలో వేరొక సూపు బీదల కడుపు నింపినది. అక్కడ రమ్‌ఫర్డ్ ప్రభువు 1790లో బిచ్చగాండ్రను చేరదీసి, పని ఇచ్చి, అన్నం పెట్టే ఏర్పాటు చేశాడు. ఉష్ణాన్ని గూర్చిన పరిశోధనలకు ప్రసిద్ధుడైన రమ్‌ఫర్డ్ ఇతడే. అతని సూపులో బార్లీ, బఠాణీ పప్పు, తరువాత చేర్చిన బంగాళాదుంపలు, రొట్టె ముక్కలు, ఉప్పు, పులుపు ఉండేవి. చాలాసేపు ఉడికించి ముద్దగా చేసేవారు. ఇంత తక్కువ దినుసుతో ఇంతమంది తృప్తిపడడానికి కారణం నీరే అని రమ్‌ఫర్డ్ భావించాడు. ఉడికేటప్పుడు నీరు కూడా ఆహారంగా మారుతుందని అతని ఊహ.

ఆ ఊహ తప్పు. నీటిలో పోషకబలం లేదు. అయినా సూపు మంచిదే. కారణం అతడు గింజను వడకట్టి పారవేయలేదు. బార్లీ ధాన్యం, బఠాణీ పప్పు. ధాన్యంలో కొరతపడే లైసిన్ అనే అమినో ఆమ్లం పప్పులో సమృద్ధిగా ఉన్నది. పప్పులో కొరతపడే మిథియొనిన్ ధాన్యంలో ఉన్నది. ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. మన పులగం, పొంగలి, పప్పన్నం చేసే పని ఇదే.

1847లో ఐర్లండు కరవు సమయాన లండనులోని ప్రసిద్ధ వంటవాడు అలెక్సిస్ సోయే డబ్లినులో పెద్ద సూపు శాల నెలకొల్పాడు. వేలమందికి త్వరగా వడ్డించే పద్ధతిలో అతడు ఘటికుడు. కాని సూపు చాలా పలుచన. అందులో అసలు ఆహారం ఎంత ఉన్నదని వైద్యులు నిలదీశారు. వరుస ఎంత చక్కగా నడిచినా గిన్నెలో దినుసు లేకుంటే ప్రాణం నిలువదు అని వారి వాదం.

ఇదే ప్రశ్న 30 ఏండ్లకు మన ముంగిట నిలిచినది. 1876-78 నాటి మహా క్షామంలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు నలిగిపోయినవి. ప్రభుత్వం పంపగా 1877లో మద్రాసు వచ్చిన రిచర్డు టెంపుల్, కరవు పనులలో కూలికి దినానికి ఒక పౌను ధాన్యం చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. మద్రాసు రాష్ట్ర ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ప్రతిఘటించాడు. రోజంతా రాళ్లు మోసే మనిషికి ఆ కొలత చాలదు, ఉత్త ధాన్యం సరిపోదు, పప్పు కావలెను అని అతడు లెక్కలతో వాదించాడు. కొన్ని నెలలకు ప్రభుత్వం కొలత పెంచక తప్పలేదు. ఆలోపల ఎందరో చిక్కి నశించారు. గిన్నెలో ఎంత ఉన్నది అనేది పండితుల వినోదం కాదు. దానిమీద ప్రాణాలు ఆధారపడిన దినాలు ఉన్నవి.

సీసాలో పట్టిన సారం

సోయే సూపు వండిన 1847లోనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ మాంససారం తీసే విధానం ప్రకటించాడు. సుమారు 30 కిలోగ్రాముల మాంసంనుండి ఒక కిలోగ్రాము సారం వచ్చేది. 1865లో లండనులో ఒక కంపెనీ ఏర్పడినది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో కర్మాగారం నడిచినది. చిన్న సీసాలో 30 కిలోల మాంసపు బలం ఉన్నదని జనం నమ్మారు. ఇతర శాస్త్రజ్ఞులు పరీక్షించగా, మాంసకృత్తులు, క్రొవ్వు దాదాపు అన్నీ పిప్పిలోనే ఉండిపోయినట్లు తేలినది. సీసాలోకి వచ్చినవి లవణాలు, రుచినిచ్చే పదార్థాలు. లీబిగ్ కూడా తన తొలి మాటను సడలించుకొనవలసి వచ్చినది.

అట్లయితే వట్టి రసం వలన ఏ ఉపయోగమూ లేదా? ఉన్నది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కల జీర్ణాశయాలపై చేసిన ప్రసిద్ధ పరిశోధనలలో, మాంసరసం జఠరరసాన్ని బాగా ఊరిస్తుందని కనుగొన్నాడు. జీర్ణక్రియపై పరిశోధనలకు ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించినది. అనగా సూపు ఆకలి పుట్టిస్తుంది. భోజనానికి అది ద్వారం వంటిది. ద్వారంవద్దనే ఆగిపోతే ఇంట్లోకి చేరినట్లు కాదు.

రెండవ ఉపయోగం ఇంకా గొప్పది. దానితో తెలుగువారికి సంబంధం ఉన్నది. లీబిగ్ చూపిన మార్గంలోనే, బీరు తయారీలో మిగిలిన ఈస్టునుండి కూడా సారం తీయవచ్చునని తెలిసినది. 1902లో ఇంగ్లండులో ‘మార్మైట్’ అనే పేరుతో దానిని అమ్మసాగారు. మార్మైట్ అనగా ఫ్రెంచి భాషలో వంటకుండ. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక విధమైన తీవ్ర రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం ఇచ్చినప్పుడు వారు ఆశ్చర్యకరంగా కోలుకొన్నారు. ఈ ఫలితాన్ని ఆమె 1931లో ప్రకటించింది. ఆ సారంలో పేరు తెలియని పోషకం ఏదో ఉన్నది. అదే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం. ఆ పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆ వ్యాధి చికిత్సకు కూడా ఫోలిక్ ఆమ్లం ఉపకరించినది.

లూసీ విల్స్ 1929లో కొన్ని నెలలు కూనూరులో పనిచేసింది. అక్కడ 1918లో మెక్‌కారిసన్ ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధన క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా పెరిగినది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందినది. అమీర్‌పేటలో నీలి మార్గపు మెట్రో ఎక్కితే తార్నాకలో దిగి ఆ సంస్థకు పోవచ్చును.

ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసిన సూత్రం సులభమైనది. నీటిలో కరిగేవి రసంలోకి దిగుతవి: బి జాతి విటమినులు, పొటాషియం, కొన్ని లవణాలు. అందుచేతనే గంజి వార్చి పారవేసేవారికి, మరపట్టిన తెల్లని బియ్యం తినేవారికి బెరిబెరి వ్యాధి ముప్పు ఎక్కువగా ఉండేది. ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధిని గురించి మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే గ్రంథం ప్రకటించాడు. సూపులో ఉడికించిన నీరు పారవేయము గనుక ఈ విటమినులు చాలవరకు దక్కుతవి. నీటిలో కరగనివి, అనగా మాంసకృత్తులలో ఎక్కువ భాగం, పిండిపదార్థం, పీచు, సున్నపు ధాతువులో అధిక భాగం, అడుగున మిగిలినదానిలోనే ఉంటవి.

ఉలవలు ఎద్దులకు, చారు మనకు

ఈ సూత్రానికి మన పల్లెలలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. ఎద్దులకు పెట్టడానికి పెద్ద కుండలో ఉలవలు ఉడికించేవారు. ఉడికిన ఉలవలు ఎద్దుల గాడిలోకి, ఉలవకట్టు ఇంటిలోకి పోయేవి. ఆ కట్టును చింతపండు వేసి చిక్కగా కాచినదే ఉలవచారు. 100 గ్రాముల ఉలవలలో 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. వాటిలో ఎక్కువ పాలు దక్కినది ఎవరికి? మరునాడు అరక లాగిన ఎద్దుకు. రుచి, లవణాలు, కొన్ని విటమినులు మనకు వచ్చినవి. ఉలవచారు రుచిని కాదనేవారు ఎవరూ లేరు. కాని బలం లెక్కలో రైతుకంటె ఎద్దే తెలివిగా భోజనం చేసినదని ఒప్పుకొనవలెను.

హైదరాబాదు వంటలలో కూడా ఈ రెండు తెగలు కనిపిస్తవి. మరగ్ అనే మాట మాంసరసమని అర్థమిచ్చే అరబ్బీ మాటనుండి వచ్చినది. అందులో రసమే ప్రధానం. అయినా మాంసపు ముక్కలను రసంలోనే ఉంచి వడ్డిస్తారు. ముక్కను విడిచిపెట్టి రసం మాత్రమే త్రాగితే ఎద్దుల కథే మళ్లీ జరుగుతుంది. అరబ్బుల హరీస్‌నుండి వచ్చిన హలీమ్‌లో గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి అన్నీ కలిపి గంటలకొద్దీ ఉడికించి మెదుపుతారు. వడకట్టి పారవేసేది ఏమీ ఉండదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీమ్ పోషణ విషయంలో రమ్‌ఫర్డ్ సూపుకు దగ్గరి చుట్టమే.

విరిగిన ఎముకకు బొక్కల సూపు

ఇప్పుడు పంజగుట్టకు వద్దాము. ఎముక విరిగినవారికి బొక్కల సూపు, పాయా పట్టవలెననే నమ్మకం మన ప్రజలలో గట్టిగా ఉన్నది. ఎముకలో సున్నపు ధాతువు, అనగా కాల్షియం, ఉన్నది. దానిని మరిగిస్తే సూపులోకి వస్తుంది. సూపు త్రాగితే మన ఎముకలోకి పోతుంది అని ఊహ.

1934లో లండనులో మెకాన్స్, షెల్డన్, విడోసన్ అనే పరిశోధకులు ఈ ఊహను కొలిచి చూశారు. పిల్లలకు ఇచ్చే ఎముకల సూపును విశ్లేషించగా అందులో కాల్షియం పాలలో ఉన్నదానికంటె చాలా తక్కువగా కనిపించినది. రసాయన శాస్త్రం తెలిసినవారికి ఇందులో వింత లేదు. ఎముకలో కాల్షియం ఫాస్ఫేటు రూపంలో ఉన్నది; ఆ లవణం ఉడుకు నీటిలో కూడా చాలా కొద్దిగా మాత్రమే కరుగుతుంది. అట్లు కాకుంటే వానకు, ఎండకు వేల సంవత్సరాలు ఓర్చుకొన్న పురాతన జంతువుల ఎముకలు మనకు దొరికేవే కావు.

దీనిని ఇతర ఆహారాలతో పోల్చి చూడండి. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నది. మునగాకులో కూడా కాల్షియం సమృద్ధిగా ఉన్నది. కాబట్టి రోగి పడక ప్రక్కన బొక్కల సూపు ఉండరాదని కాదు; నోరు చేదెక్కిన రోగికి అది రుచి పుట్టించవచ్చును. అది ఉన్నది గదా అని పాలు, పప్పు, గ్రుడ్డు, రాగి జావ మానివేయడమే ప్రమాదం. మూత్రపిండాల జబ్బు, రక్తపు పోటు ఉన్నవారి విషయంలో అయితే వైద్యుని మాట లేకుండా ఏ సూపూ పట్టరాదు. ఉప్పు లెక్క ఇందుకు కారణం. నూటికి 1 వంతు ఉప్పు ఉన్న సూపు 250 మిల్లీలీటర్లు త్రాగితే 2.5 గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతునికి విధించిన హద్దు దినానికి 5 గ్రాముల లోపు మాత్రమే.

తరగతిలో కొలవదగిన లెక్క

ఇక అమీర్‌పేట విద్యార్థి లెక్క చూద్దాము. 65 కిలోగ్రాముల బరువున్న పురుషునికి దినానికి 54 గ్రాముల మాంసకృత్తులు కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో సిఫారసు చేసింది. ఒక గిన్నె పలుచని పప్పు సూపులో 10 గ్రాముల కందిపప్పు పడినదనుకొందాము. కందిపప్పులో నూటికి 22 వంతులు మాంసకృత్తులు. అనగా గిన్నెకు 2.2 గ్రాములు. దీనిమీదనే ఆధారపడితే 54 గ్రాములకు 24 గిన్నెలు కూడా చాలవు. మధ్యాహ్న భోజనానికి బదులు ఇటువంటి గిన్నెతో సరిపెట్టుకొన్న విద్యార్థి సాయంత్రం తరగతిలో తూలితే అది పాఠం దోషం కాదు.

దీనికి ప్రక్కన తార్నాక సంస్థలో రూపొందిన ‘హైదరాబాద్ మిక్స్’ను పెట్టి చూడండి. పోషణ లోపించిన పిల్లలకోసం చేసిన పిండి అది. 40 గ్రాముల గోధుమలు, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ గింజలు వేయించి పొడిచేసి, 20 గ్రాముల బెల్లం కలుపుతారు. మొత్తం 86 గ్రాములు. ఇందులో సుమారు 330 కెలోరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. నీటిలో కలిపి కాచితే ఇదీ ఒక గిన్నెడు జావే. త్రాగడానికి పట్టే వ్యవధి అంతే. ఖరీదైన దినుసు ఒక్కటీ లేదు. ఇందులో రహస్యమంతా ధాన్యాన్ని, పప్పును, నూనెగింజను ఒకచోట చేర్చి, ఏదీ వడకట్టకపోవడమే.

ఉపాధ్యాయులు రెండు చిన్న ప్రయోగాలు చేయించవచ్చును. మొదటిది: తూచిన పళ్లెంలో 100 మిల్లీలీటర్ల తేట సూపు, మరొక పళ్లెంలో అంతే కొలత చిక్కని పప్పు సూపు పోసి, ఉడుకు నీటిపై పెట్టి నీరంతా ఆవిరైపోయేదాకా ఆరబెట్టి తిరిగి తూచవలెను. మిగిలినదే అసలు దినుసు. అందులో ఉప్పు వాటా కూడా ఉన్నదని మరువరాదు. రెండవది ఉపాధ్యాయుడు స్వయంగా చేసి చూపవలసినది: కొద్దిపాటి సూపులో కాస్టిక్ సోడా ద్రావణం, ఆపై రెండు మూడు చుక్కల మైలుతుత్తం ద్రావణం వేస్తే, మాంసకృత్తులు ఉన్నచోట ఊదారంగు కనిపిస్తుంది. ఇదే పరీక్ష జెలటిన్ ద్రావణంతో చేసినా ఊదారంగు వస్తుంది. అక్కడ విద్యార్థులను అడగండి: రంగు వచ్చినది గదా, మరి మజాండీ కుక్కలు ఎందుకు చిక్కిపోయినవి? మాంసకృత్తు ఉన్నదా అనేది ఒక ప్రశ్న, అది సంపూర్ణమైనదా అనేది మరొక ప్రశ్న అని వారికి అప్పుడు బోధపడుతుంది.

సూపు దుకాణాన్ని నిందించడం మన ఉద్దేశం కాదు. వేడివేడిగా, త్వరగా, చవకగా, కూరగాయలు గిన్నెలో వేసి ఇచ్చే దుకాణం పరుగుల బ్రతుకులో మేలైన వసతే. నూనెలో వేగిన చిరుతిండికంటె అది ఎంతో నయం. కొనేవాడు మాత్రం రెండు సంగతులు విచారించవలెను: కుండలో ఏమి వేశారు? వడకట్టి ఏమి పారవేశారు? కందిపప్పు, పెసలు, శనగలు, రాగిపిండి, ఆకుకూర, మాంసపు ముక్క గిన్నెలోనే ఉంటే అది ఆహారం. ఒక గ్రుడ్డో, రెండు రొట్టెలో, గుప్పెడు వేరుశనగలో తోడైతే భోజనం. తేట రసం మాత్రమే ఉంటే అది మంచి రుచి గల వేడి ఉప్పునీరు. దానిని త్రాగి, ఆ పైన భోజనానికి కూర్చొనవలెను.